రెండు ముఖాల కొడతి

కొయ్యకోట మీద ఎండ నడినెత్తికెక్కింది.

ఆ కోటకు రాయి లేదు, ఇటుక లేదు. ఎర్రచందనపు మానులు గోడలై నిలిచాయి. నల్లమద్ది దూలాలు వాటిని అడ్డంగా కౌగలించుకున్నాయి. పనసచెక్క బురుజులు పసుపు పూసుకున్న ముత్తైదువల్లా ఎండలో మెరుస్తున్నాయి. గాలి వీస్తే గంధం వాసన. ఆ గంధం అడుగున ఎక్కడో, కాలిన వెంట్రుకల వాసన. ప్రతి బురుజు మీదా ఒక ఇనుప రాబందు రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది. వాటికి చూపు లేదు, ఆకలి లేదు. వాటికున్నదల్లా చెవి ఒక్కటే. ఇనుము ఇనుమును తాకిన మోత వినబడితే చాలు, రెక్కలు విప్పి లేస్తాయి. ఆ రెక్కల కింద పడినవాడు మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు.

అటువంటి కోట వాకిట్లోకి, ఒంటినిండా బూడిద, నెత్తిన పెద్ద జడలకట్ట, మెడలో ఎముకల దండ వేసుకుని ఒక శిష్యుడు నడిచి వచ్చాడు. కాపలా భూతాలు అతని జోలె వెతికాయి, నడుము తడిమాయి, ఏమీ దొరక్క వదిలేశాయి. జడలకట్టలో వెతకాలని వాటికి తోచలేదు. తోచి ఉంటే అందులో రెండు ఉలులు దొరికేవి.

మాంత్రికుడి శిష్యుడి వేషంలో ఉన్న ఆ మనిషి కేతోజు. వేణుపురంలో స్వామివారి రథాలు చెక్కే వడ్రంగుల ఇంటి పెద్దకొడుకు.

వేణుపురం రాజు శరభకేతుడి కూతురు నీలోత్పలను ధూమ్రకంఠుడనే మాంత్రికుడు పల్లకితో సహా ఎత్తుకుపోయి, తన కోటలో మాను చేసి నిలబెట్టాడు. కొండమీది ముని ఒకాయన రాజుకు ఉపాయం చెప్పాడు: "మంత్రం పైన పొరలోనే ఉంది నాయనా. లోపల ప్రాణం నిద్రపోతోంది. కొయ్య నార వెంబడి ఆ పొరను ఉలితో విప్పితే మనిషి లేస్తాడు. దెబ్బ మాత్రం మెత్తగా, నిలకడగా పడాలి. పొర అడ్డంగా తెగిందా, తెగిన చోట మంత్రం బిగుసుకుపోతుంది. ఇక దాన్ని విప్పడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు."

రాజు మొదట కబురు పెట్టింది కేతోజుకే. "రథోత్సవం దగ్గరపడింది. స్వామివారి చక్రాలు సగంలో ఉన్నాయి, వాటిని వదిలి ఎలా రాను?" అన్నాడు కేతోజు. తప్పేమీ అనలేదు. దేవుడి పనే చెప్పాడు. అప్పుడు అతని తమ్ముడు మారోజు చేతులు దులుపుకుని లేచి, "నేను వెళ్తాలే అన్నా. నాన్న కొడతి ఇవ్వు" అన్నాడు.

కొడతి అంటే ఉలి పిడి మీద కొట్టే చెక్క సుత్తి. వాళ్ళ నాన్న చింతచేవతో చేసుకున్నాడు దాన్ని. వడ్రంగి ఓజుల ఇళ్ళలో కొడతికి రెండు ముఖాలూ ఒకటి కావు. ఒకటి దేవుడి ముఖం. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గుడి దీపంలో మిగిలిన నువ్వులనూనె పట్టిస్తారు. రథానికీ, విగ్రహానికీ, రాజు దైవాంశ కాబట్టి రాజుగారి సింహాసనానికీ తప్ప ఆ ముఖంతో కొట్టరు. రెండోది ఊరి ముఖం. ఉయ్యాలలు, బండ్లు, తలుపులు, పాడెలు అన్నీ దానితోనే.

కేతోజు కొడతి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. పెడుతూ ఒక్క మాట చెప్పాడు: "దేవుడి ముఖంతో మాత్రం కొట్టకు."

క్షేమంగా రా అని అనలేదు. అనాలని అప్పుడు తోచలేదు. మారోజు తిరిగి రాలేదు. రథం మీద స్వామి ఊరేగాడు, చక్రాలు నూనె పెట్టినట్టు తిరిగాయి, అందరూ కేతోజు పనితనం మెచ్చుకున్నారు. ఆ మెప్పులన్నీ వింటూ నిలబడ్డ కేతోజుకు ఆ ఒక్క మాటే చెవిలో గుచ్చుకుంటూ ఉండిపోయింది.

ధూమ్రకంఠుడు రోజూ నడిమధ్యాహ్నం పడమటి సముద్రానికి స్నానానికి పోతాడు. కోట నడుమనున్న ధ్వజస్తంభం నీడ సింహద్వారాన్ని తాకే వేళకు పొగ రూపంలో తిరిగి వస్తాడు. ఆ లోపే పని కావాలి.

ఉలులు జడల్లో ఉన్నాయి. కొట్టడానికి సుత్తి కావాలి. సుత్తి జడల్లో ఇమడదు.

*

కోటకు ఎడమపక్క పనిముట్ల కొట్టం ఉంది. మాంత్రికుడికి చిక్కిన కమ్మర్లు, వడ్రంగులు, కంచర్ల దగ్గర లాక్కున్నవన్నీ అందులో పోగుపడి ఉన్నాయి. దానికి కాపలా లంబోష్ఠుడనే భూతం. దాని కింది పెదవి బొడ్డుదాకా వేలాడుతుంటుంది. మాట్లాడేటప్పుడు పెదవిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటుంది.

"ఎవడ్రా నువ్వు? కొత్త ముఖం!"

"గురువుగారి కొత్త శిష్యుణ్ణి మామా. లేహ్యం దంచాలి. దంచే సాధనం ఏదైనా ఇస్తే పుచ్చుకుపోతా."

"మామా అంటావేంరా? మీ అక్కని నాకిచ్చారా?"

"ఇచ్చేవాళ్ళమే. పెదవి చూసి దడుసుకుంది."

భూతం పెదవి వదిలేసి పకపకా నవ్వింది. పెదవి పొట్టమీద తపతప కొట్టుకుంది. "నోరున్నోడివే! రా లోపలికి. ఒక్కటంటే ఒక్కటి తీసుకో. రెండోది పట్టుకుపోతే చెయ్యి నాది."

కేతోజు లోపలికి వెళ్ళాడు. ఆ చీకటి కొట్టంలో ఎన్ని ఇళ్ళ జీవనం గుట్టలై పడి ఉందో! బాడిసలు, రంపాలు, కొలిమి తిత్తులు. చూస్తే దుఃఖం వస్తుంది. కానీ శిష్యుడన్నవాడు పనిముట్లను చూసి దుఃఖపడకూడదు. పనిముట్టు పట్టుకోవడం కూడా తెలియనట్టే ఉండాలి.

భూతం ఒక ఇనుప సుత్తి తీసి విసిరింది. "ఇదిగో. దీనితో దంచితే కొండైనా పిండే."

"వద్దు మామా. ఇనుము తగిలితే మందు విరిగిపోతుందన్నారు గురువుగారు." నిజానికి ఇనుప సుత్తి ఉలి పిడిని చీలుస్తుంది. పిడికున్న ఇనుప కట్టు మీద పడితే ఖణేలుమంటుంది. ఆ మోతకు పైన రాబందులు కాచుకునే ఉన్నాయి.

"అయితే సీసం." నల్లగా, గుండ్రంగా ఒక సుత్తి. కేతోజు రెండు చేతులా ఎత్తి, బరువుకు వంగిపోయినట్టు నటించాడు. సీసం మెత్తనిదే, మోగదు. కానీ ఆ దెబ్బలో జీవం ఉండదు. నాలుగు దెబ్బలకే అంచులు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి, మణికట్టు పడిపోతుంది. "సీసం విషం కదా మామా. ఆ లేహ్యం తిని గురువుగారికేమైనా అయితే?"

"అయితే కానీ" అంది భూతం మెల్లిగా. తర్వాత అటూ ఇటూ చూసి, "నేనేమీ అన్లేదు" అంది.

గేదెకొమ్ముతో చేసింది ఒకటుంది. తేలిక. నున్నగా ఉంది, ఉలి పిడిమీద నిలవదు. పచ్చితోలు చుట్టలు చుట్టి బిగించింది ఇంకొకటి. దాన్ని చూడగానే కేతోజు చెయ్యి తానే సాగింది. మంచి పనివాడు కట్టిన తోలు అది. బొటనవేలితో నొక్కాడు. అడవి తేమకు నానిపోయి అప్పడంలా లోపలికి దిగింది. దెబ్బ సగం అదే మింగేస్తుంది. టేకు కొడతి ఒకటి కనిపించింది. నార బీటలు వారి ఉంది.

ధ్వజస్తంభం నీడ కొట్టం గడప దాటి జరుగుతోంది.

అప్పుడు మూలన, ఎముకల గుట్ట పక్కన చూశాడు. చింతచేవ. పిడి చివర చిన్న ప్రమిద చెక్కి ఉంది. అది నాన్న గుర్తు.

కేతోజు దాన్ని ఎత్తాడు. ఎత్తడంతోనే అరచేతి మీద ఒకసారి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏ వడ్రంగైనా చేసే పనే అది. లోపల పుచ్చుందో, బీటుందో ఆ చప్పుడే చెబుతుంది.

"ఏరా!" పెదవి చేతుల్లోంచి జారింది. "మందు దంచేవాడివి చెవిలో ఏం వింటున్నావు?"

"చెదలున్నాయేమోనని మామా. లేహ్యంలో పడితే నన్ను మాను చేస్తారు గురువుగారు."

"ఊఁ" అంది భూతం అనుమానంగా. "అది నేను మూలుగ ఎముకలు పగలగొట్టుకునే కొయ్య. ఒక వైపే కొడతా. ఆ పసుపు వైపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అది తీసుకుంటే నాకు ఎముకలు ఎలారా?"

కేతోజు జోలెలోంచి బెల్లపు అచ్చు తీసి ముందుపెట్టాడు. భూతం దాన్ని చూసింది, కొడతిని చూసింది, మళ్ళీ బెల్లాన్ని చూసింది. "పో. పళ్ళతో కొరుక్కుంటాలే."

బయటికి వచ్చాక కేతోజు కొడతిని వెలుగులో తిప్పి చూశాడు. దేవుడి ముఖం నాన్న ఉంచినట్టే ఉంది: బల్లపరుపుగా, మెత్తగా, నూనె తాగి. ఊరి ముఖం ఎముకల దెబ్బలకు గుండుగా అరిగి, నున్నబడి, అద్దంలా మెరుస్తోంది. అంచున వెంట్రుకంత బీట. తీరిక ఉంటే ఉలితో నాలుగు పెళ్ళలు తీసి సమం చేసుకోవచ్చు. కాని నీడ ఆగడం లేదు. ఫరవాలేదు, జాగ్రత్తగా కొడదాం అనుకున్నాడు.

*

మానుల మండపంలో గాలి కూడా నిద్రపోతున్నట్టుంది. స్తంభాల నడుమ స్తంభాలుగా మనుషులు నిలబడి ఉన్నారు. కత్తి ఎత్తిన భటుడు కత్తి ఎత్తినట్టే, ఏడుస్తున్న దాసి ఏడుస్తున్నట్టే, కొయ్యచారల కింద ముఖాలు మసకగా. చివర్న ఎత్తైన పీఠం మీద, తల కొంచెం పక్కకు వాల్చి, రాజకుమారి నీలోత్పల. ఆమె చుట్టూ పల్లకి బోయీలు.

వాకిలికి దగ్గరగా, మొదటి మానుకే కనుబొమ మీద గాటు ఉంది. చిన్నప్పుడు బాడిస జారి తగిలిన గాటు.

"తమ్ముడూ" అన్నాడు కేతోజు. మాను పలకలేదు.

జడలోంచి ఉలులు లాగాడు. తొందరగా లెక్కలు వేసుకున్నాడు. ముందు మారోజును విప్పితే ఇంకో జత చేతులు తోడవుతాయి. పైగా ఈ కొయ్య తీరు తెలుస్తుంది. తెలియకుండా రాజకుమారి మీద ఉలి పెట్టడం ఎలా? తమ్ముడే కదా, ఏమీ అనుకోడు.

కొడతి ఎత్తాడు. పసుపు ముఖం ముందుకు వచ్చింది. చెయ్యి ఆగింది.

దేవుడి ముఖం. తండ్రి, తాత, ముత్తాత ఎవరూ మనిషి పనికి వాడనిది. ఇప్పుడు తన తమ్ముడి కోసం వాడితే స్వామి కోపగిస్తాడా? కోపగించడేమో. కానీ ఏమో! ఇంత ఆపదలో స్వామి కోపం ఎందుకు తెచ్చుకోవడం? కేతోజు ఆ ముఖాన్ని కళ్ళకద్దుకున్నాడు. కొడతిని తిప్పాడు. ఊరి ముఖంతో మొదలుపెట్టాడు.

భుజం మీద నార తిన్నగా దిగింది. పొర ఉల్లిపొరలా లేచింది. కింద మనిషి చర్మం, వెచ్చగా. ఎడమచెయ్యి విప్పాడు. రొమ్ము, ముఖం, కాళ్ళు విప్పాడు. ఊపిరి ఆడింది. కేతోజు కళ్ళల్లో నీళ్ళు నిండాయి. ఇక కుడిచెయ్యి.

దెబ్బ వేశాడు. గుండుగా అరిగిన ముఖం ఉలి పిడి మీద నిలవలేదు. జర్రుమని జారింది. ఉలి వాలిపోయి నారకు అడ్డంగా కోసింది. మణికట్టు చుట్టూ సన్నగా, గాజులా, పొర తెగింది.

ఆపై ఎంత విప్పినా అక్కడ విడలేదు. మంత్రం బిగుసుకుపోయింది.

మారోజు కళ్ళు తెరిచాడు. బూడిద పూసుకున్న ఆ ముఖాన్ని కాసేపు చూశాడు. "ఇదేం వేషం అన్నా? సన్యాసం పుచ్చుకున్నావా? వదినని ఏం చేశావు?"

కేతోజు నవ్వబోయాడు. నోరు వంకర తిరిగింది.

"ఏంటలా ఉన్నావు?" మారోజు ఒక అడుగు ముందుకు వేశాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. కళ్ళు నులుముకుందామని కుడిచెయ్యి ఎత్తాడు. నుదుటికి కొయ్య తగిలి టక్కుమంది.

చెయ్యి దించి చూసుకున్నాడు. పిడికిలి బిగించిన కొయ్యచెయ్యి. గోళ్ళ దగ్గర చారలు గుండ్రంగా సుళ్ళు తిరిగి ఉన్నాయి. ఎడమచేత్తో గోకాడు. గిల్లాడు. తర్వాత మణికట్టు చుట్టూ తెగిన గీతను చూశాడు. చూడగానే అర్థమైంది, అతనూ వడ్రంగే.

"జారిందా?"

"జారింది."

"కొడతి ఏది?" కేతోజు చాచాడు. మారోజు ఎడమచేత్తో అందుకుని ఊరి ముఖాన్ని బొటనవేలితో రుద్దాడు. "అద్దంలా ఉంది. దీనితో ఎలా కొట్టావన్నా? ఎవడైనా కొడతాడా? ఈ వైపు ఇంత బాగుంటే..."

మాట అక్కడే ఆగింది. పసుపు చూశాడు.

కేతోజు తల ఎత్తలేదు.

"ఓహో" అన్నాడు మారోజు. తర్వాత మెల్లిగా, కోపం లేకుండానే అన్నాడు: "పోనీలే. నేను ఊరివాణ్నేగా. నాకు ఊరి ముఖమే సరి."

ఆ మాటకు తిడితే బాగుండుననిపించింది కేతోజుకు. కొట్టినా బాగుండేది. రథం మీద కూర్చున్న స్వామికి మనిషి మణికట్టు ఒకటి తక్కువైతే ఏం లాభం? అసలు ఆ ముఖం తనకే ఉంచమని ఆయన అడిగాడా ఎప్పుడైనా? అడిగింది మనమేనేమో. ఆ మాట స్వామి తరఫున మనకు మనమే చెప్పుకున్నామేమో.

"తమ్ముడూ, నేను..."

"తర్వాత అన్నా. నీడ చూడు."

నీడ వాకిలి చెక్కల మీదికి పాకింది.

*

ఇద్దరూ పీఠం దగ్గరికి పరుగెత్తారు. నీలోత్పల భుజం మీద మారోజు ఎడమచేత్తో ఉలి నిలిపి పట్టాడు. కేతోజు కొడతి ఎత్తాడు.

"ఈసారి ఆలోచించే పని లేదన్నా" అన్నాడు మారోజు. "రాజు బిడ్డ. దైవాంశ. రివాజు ఒప్పుకుంటుంది."

అది దెప్పిపొడుపో, ధైర్యం చెప్పడమో కేతోజుకు తెలియలేదు. పసుపు ముఖం తిప్పి కొట్టాడు. దెబ్బ ఉలి పిడిని పట్టుకున్నట్టే పడింది. చప్పుడు లేదు, జారడం లేదు. ఉలి పిడి మీద పసుపు అంటింది. పొర అరటిబోదె విప్పినట్టు పాయలు పాయలుగా లేచి వచ్చింది. నుదురు, చెక్కిళ్ళు, మెడ, వేళ్ళు. ఒక్క వేలు కూడా తప్పిపోలేదు. ఇంత సులువుగా అయ్యే పని! ఒక్కో వేలు బయటపడుతున్నకొద్దీ కేతోజు గుండె బరువెక్కింది.

రాజకుమారి కళ్ళు విప్పి తూలింది. మారోజు భుజం అడ్డుపెట్టాడు.

"భయపడకండి తల్లీ. వేణుపురం వాళ్ళం. మీ నాన్నగారు పంపారు. నడవగలరా?"

"నడుస్తాను." ఆమె పీఠం దిగింది. వాకిలి వైపు వేసిన అడుగు ఆగిపోయింది. చుట్టూ నిలబడ్డ మానులను చూసింది. "వీళ్ళు నా బోయీలు. ఇదిగో, పల్లకి ముందుకొమ్ము మోసే పోలయ్య. ఆనాడు పొగ కమ్ముకుంటుంటే పారిపొమ్మన్నాను. పల్లకి కిందపెడితే మీకు దెబ్బ తగులుతుందమ్మా అన్నాడు. దించలేదు. అలాగే మానైపోయాడు."

పోలయ్య భుజం కొయ్యలోనూ ఒక పక్కకు వంగే ఉంది. లేని పల్లకిని మోస్తూనే ఉంది.

"ఓజులారా, వీళ్ళని వదిలి వెళ్ళాలా?"

రాజు ఆజ్ఞ రాజకుమారి వరకే. నీడ సింహద్వారానికి బెత్తెడు దూరంలో ఉంది. పారిపోవాలంటే ఈ క్షణమే పారిపోవాలి. మారోజు అన్న ముఖం వైపు చూశాడంతే. బలవంతం లేదు ఆ చూపులో. ఆశ కూడా పెద్దగా లేదు.

"ఉలి పట్టు తమ్ముడూ" అన్నాడు కేతోజు.

"ఏ ముఖం?"

కేతోజు పసుపు ముఖంతో పోలయ్య భుజం మీద దెబ్బ వేశాడు. పల్లకి మోసి మోసి కాయకాచిన చోట పడింది దెబ్బ. పిడుగు పడలేదు. స్వామి ఏమీ అనలేదు. పొర లేచింది. ఇంత తేలికా అనుకున్నాడు కేతోజు. ఆ తేలికే అతన్ని కోసింది. తమ్ముడి దగ్గర ఇంత మాత్రం చేసి ఉంటే!

రెండో దెబ్బ. మూడో దెబ్బ. పోలయ్య మెడ, నోరు బయటపడ్డాయి. నోరు తెరిచి గాలి లాగాడు. కళ్ళు ఇంకా కొయ్యవే.

సింహద్వారం కింద సందులోంచి కాలిన వెంట్రుకల వాసన వచ్చింది.

"వచ్చేశాడు" అంది నీలోత్పల. పీఠం పక్కన పడి ఉన్న భటుడి డాలు ఎత్తుకుని వాకిలికి అడ్డంగా నిలబడింది.

సందులోంచి పొగ పాములా పాకి, పడగెత్తి, అటూ ఇటూ వెతుకుతోంది. బయట కొట్టం భూతం కేకలు పెడుతోంది: "స్వామీ! కొత్త శిష్యుడు లేహ్యం దంచుతున్నాడా? చెవిలో కొడతి పెట్టుకుని విన్నాడు స్వామీ! నాకప్పుడే అనుమానం! బెల్లం పెట్టి నోరు కట్టేశాడు!"

పోలయ్య రొమ్ము ఇంకా కొయ్యలోనే ఉంది. లోపల గుండె తలుపు కొడుతున్నట్టు కొట్టుకుంటోంది. మెడ బయట, రొమ్ము లోపల. ఇప్పుడు ఆపితే ఊపిరాడక పోతాడు. కేతోజు బలంగా కొట్టాడు.

కొడతి పగిలింది.

ఎముకల దెబ్బలకు ఊరి ముఖంలో పుట్టిన వెంట్రుకంత బీట, ఎవరికీ తెలియకుండా లోలోపల దేవుడి ముఖం దాకా పాకి ఉంది. చింతచేవ నిలువునా రెండు ముక్కలై కాళ్ళ దగ్గర పడింది. పసుపు సగం ఇటు, సగం అటు. ప్రమిద చెక్కిన పిడి మాత్రం కేతోజు చేతిలో మిగిలింది.

కేతోజు అటూ ఇటూ చూశాడు. ఉన్నదల్లా భటుల కత్తులు, డాళ్ళు. అన్నీ ఇనుమే. ఇనుముతో కొడితే రాబందులు లేస్తాయి. పోలయ్య పెదవులు నీలమవుతున్నాయి.

"అన్నా." మారోజు ఉలిని అన్న చేతిలో పెట్టాడు. "నువ్వు పట్టుకో. తిన్నగా."

"దేనితో కొడతావురా?"

మారోజు కుడిచెయ్యి ఎత్తాడు. బిగించిన కొయ్య పిడికిలి. మోగదు. జారదు, నార గరుకుగా, పచ్చిగా ఉంది. ఉలి పిడి మీద కూర్చోవడానికే చేసినట్టుంది.

"వద్దురా."

"కొయ్యకి నొప్పేంటన్నా? పట్టు. నీ చేతిలో ఉలి ఎప్పుడూ వాలలేదు." ఒక్క క్షణం ఆగి, చిన్నగా నవ్వాడు. "ఒక్కసారి తప్ప."

పొగ నీలోత్పల డాలును చుట్టుకుంది. డాలు అంచు కొయ్యగా మారుతోంది. ఆమె పళ్ళు బిగించి నిలబడే ఉంది.

కేతోజు ఉలిని పోలయ్య రొమ్ము మీద, నార వెంబడి నిలిపాడు. తమ్ముడి చెయ్యి పైకి లేచింది. చిన్నప్పుడు ఆ చేతికి కొడతి పట్టుకోవడం నేర్పింది తనే. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, పిడి చుట్టూ ఒక్కొక్కటే మూసి నేర్పాడు. ఆ వేళ్ళు ఇక విచ్చుకోవు.

కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. ఉలి వాలకూడదు.

మారోజు చెయ్యి దిగింది. చప్పుడు కాలేదు. పొర తిన్నగా, పైనుంచి కిందికి, నార వెంబడే విచ్చుకుంది. పోలయ్య గుండెనిండా గాలి పీల్చి, కళ్ళు తెరవకముందే, అలవాటు కొద్దీ అడిగాడు:

"అమ్మగారు క్షేమమేనా?"

"క్షేమమే" అన్నాడు కేతోజు. ఆ మాట తమ్ముడి ముఖం చూస్తూ చెప్పలేకపోయాడు. నీలోత్పల వదిలేసిన డాలును మింగి, పొగ వాకిలి దాటి లోపలికి వస్తోంది. మారోజు అప్పటికే తర్వాతి బోయీ ముందు నిలబడి, కొయ్యచెయ్యి ఎత్తి ఉన్నాడు.

"అన్నా, ఉలి!"

కేతోజు పరుగెత్తాడు.